రియల్ టైమ్ అంటే ఎంత సేపు?

చాన్నాళ్ళకి రాస్తున్నాను. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి ఆఫీసు పనే కారణమంటే మీరు నమ్ముతారు, ఎందుకంటే మీదీ అదే కథ. ఈసారి రాయడానికి కూడా ఆఫీసే కారణం.

ముందుగా ఒక ప్రశ్న. మీ మేనేజరు సోమవారం పొద్దున మీటింగులో "క్లయింటుకి రియల్ టైమ్ రిపోర్టులు కావాలంట" అన్నాడనుకోండి. మీకేం అర్థమవుతుంది? సెకను లోపలా? ఐదు నిమిషాలా? గంటా? రెండేళ్ళ కింద నాకు మాత్రం ఆ మాట వినగానే కాఫ్కా అర్థమైంది. అప్పటికి కొత్తగా నేర్చుకుని ఉన్నాను, ఎక్కడ వాడదామా అని చేతులు దురద పెడుతున్నాయి. చేతిలో సుత్తి ఉన్నవాడికి ఏం కనిపిస్తుందో మీకు తెలుసు కదా :)

ఆ మీటింగులో ఒకమ్మాయి ఉంది. మాది నల్గొండ జిల్లా దేవరకొండ వైపు, ఆ అమ్మాయిది వనపర్తి. అయినా హైదరాబాదులో మేమిద్దరం ఒకే ఊరి వాళ్ళ కింద లెక్క. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. మీటింగు అయ్యాక నా సీటు దగ్గరికొచ్చి "అన్నా, రియల్ టైమ్ అంటే ఎంత సేపంటరు? ఒకసారి అడుగుదమా?" అంది.

నేనేమన్నానో నాకు మాటకి మాట గుర్తుంది. "అట్లాంటివి అడిగితే మనకేం తెల్వదనుకుంటరు. మనమే చూసుకుందాం."

మనమే చూసుకున్నాం. ఆరుగురం, ఏడు వారాలు. రెండు శనివారాలు కూడా. ఒక ఆదివారం నా చిన్నాయన కూతురి పెళ్ళిచూపులు ఎగ్గొట్టి మరీ చూసుకున్నాం. డెమో రోజు గోదాములో సరుకు కదిలిన రెండు సెకన్లలో తెర మీద అంకె మారుతోంది. అందరం మురిసిపోయాం. అవతల క్లయింటు వైపు గోదాములు చూసుకునే ఆవిడ ఓపిగ్గా అంతా చూసి, చివర్లో ఒక మాట అడిగింది. "బాగుంది. ఇది పొద్దున తొమ్మిదింటికల్లా వస్తుందా?"

అసలు సంగతేంటంటే, వాళ్ళ పాత రిపోర్టు రాత్రి బ్యాచ్‌లో నడిచి పగలు పదకొండున్నరకి తేలేది. షిఫ్టు తొమ్మిదింటికి మొదలు. రాత్రి లెక్క తొమ్మిదింటికి చేతిలో ఉంటే చాలు, అదే వాళ్ళ "రియల్ టైమ్". రెండు క్వెరీలు సరిచేసి, బ్యాచ్ టైము ముందుకి జరిపితే అయిపోయే పని. నాలుగు రోజులు. పోనీ, ఐదు.

ఇక్కడిదాకా ఇది నవ్వుకునే కథ. ప్రతి ఆఫీసులో ఇలాంటిది ఒకటుంటుంది, పార్టీల్లో చెప్పుకుంటాం. దీని తర్వాతి భాగం నేను ఏ పార్టీలోనూ చెప్పలేదు. డెమో అయ్యాక లోపల ఇంకో కాల్ పెట్టారు. "రిక్వైర్‌మెంట్ సరిగ్గా క్యాప్చర్ కాలేదు" అన్నారు పైవాళ్ళు. గమనించారా, ఈ వాక్యంలో చేసినవాడు ఉండడు. కానీ డాక్యుమెంటు మీద ఒక పేరుంటుంది. మీటింగు నోట్సు రాసింది ఆ అమ్మాయి కాబట్టి డాక్యుమెంటు మీద ఆ అమ్మాయి పేరే ఉంది. అప్పుడు నేను అన్‌మ్యూట్ చేసి "ఆమె మొదటి రోజే అడిగింది, నేనే వద్దన్నాను" అని ఒక్క వాక్యం చెప్పాల్సింది. చెప్పలేదు. నా ఆన్‌సైట్ పేపర్లు అప్పుడు కదులుతున్నాయి. ఆ ఏడాది ఆమె రేటింగు కింద పడింది, నాలుగు నెలలకి ఇంకో కంపెనీకి వెళ్ళిపోయింది. నాకు మామూలు రేటింగే వచ్చింది. ఆన్‌సైటు కూడా రాలేదు, అది వేరే సంగతి.

ఈ విషయం మీద పుస్తకాలున్నాయి, వీడియోలున్నాయి. పైవాళ్ళని మనం మేనేజ్ చెయ్యాలంట. "నో చెప్పడం నేర్చుకోండి" అంటారు. రాసినవాళ్ళకి హోమ్ లోను ఉండదేమో, వీసా గొడవ ఉండదేమో. నా మటుకు నాకు నో చెప్పడం సమస్యే కాదు. మనం చెప్పలేకపోతోంది "నో" కాదు, "అంటే ఏంటి సార్?" అన్న మాట.

ఎందుకు చెప్పలేం? బడిలో సారు "అర్థమైందా?" అంటే అరవై గొంతులు ఒక్కసారే "అర్థమైంది సార్" అనేవి. అర్థం కాలేదన్నవాడు లేచి నిలబడాలి. ఇంజనీరింగులో వైవా అంటే ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. ఇంకా వెనక్కి వెళితే, ఏ ఆఫీసుకి వెళ్ళినా మా నాయిన కౌంటరు ముందు కొంచెం వంగి నిలబడి "మీరెట్ల చెప్తే అట్ల సార్" అనడం చూస్తూ పెరిగాను. ఇంట్లో మొదటిసారి ఇంగ్లీషులో మెయిలు రాసినవాణ్ణి నేను. ప్రశ్న అడిగితే "వీడికి రాదు" అనుకుంటారన్న భయం నాకు కోడు రాయడం కంటే ముందే వచ్చింది. మీలో చాలామందికి కూడా అంతే అనుకుంటాను.

కానీ అదే నాయిన ఒకచోట మాత్రం అలా ఉండడు. బోరు వేయించేటప్పుడు.

మా వైపు బోర్ల గురించి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. నల్గొండ దగ్గర ముసంపల్లి అని ఒక ఊరుంది. ఆ ఊరి సాగుభూమి రెండు వేల ఎకరాలైతే బోర్లు ఆరు వేలకి పైనే అని పి. సాయినాథ్ 2000ల్లో రాశారు. రాతినేల, కింద నీళ్ళు ఎక్కడుంటాయో ఎవరికీ తెలియదు. అంటే "నీళ్ళు పడాలె" అన్నది మన ప్రాజెక్టులన్నింటికంటే అస్పష్టమైన రిక్వైర్‌మెంటు. డబ్బు మాత్రం నిజం, అప్పు మరీ నిజం.

ఆ బోరు బండ్లు ఎక్కువగా తమిళనాడు నించి, తిరుచెంగోడు వైపు నించి వస్తాయి. మా చేలోకి బండి వచ్చిన రాత్రి నేను ఇంటర్ చదువుతున్నాను. దానికి ముందు రోజు ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. ఒకచోట కాయ లేచి నిలబడింది. "ఈడ రెండించుల నీళ్ళు పడ్తయి, రాసిస్త" అన్నాడు, పైసలు తీసుకుని పోయాడు. ఇప్పుడు ఆఫీసులో ప్రీసేల్స్ టీంని చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు :)

బండి నడిపేవాడు మాత్రం అలా మాట్లాడలేదు. దిగీ దిగగానే వచ్చీరాని తెలుగులో ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఎన్ని అడుగులు పోవాలి? కేసింగు ఎంత వేద్దాం? మూడొందలు దాటితే అడుగు రేటు వేరు, సరేనా? నీళ్ళు పడకపోయినా డబ్బు ఇస్తారు కదా? మా నాయిన ప్రతిదానికీ జవాబు చెప్పాడు. చెప్పలేని చోట బీడీ ముట్టించి ఆలోచించి చెప్పాడు. "నీళ్ళు పడ్తయా" అని నాయిన ఎన్నిసార్లు అడిగినా అతను ఒక్కసారి కూడా పడతాయనలేదు, పడవనీ అనలేదు. "మూడొందలు పోయి చూద్దాం" అన్నాడు.

మూడొందల దగ్గర మిషను ఆపాడు. పైకి వచ్చేది ఇంకా పొడి దుమ్మే. నాయినని పిలిచి, చేతిలో ఆ దుమ్ము పోసి చూపించి, "ఇదీ సంగతి. ఇక్కడి నించి రేటు పెరుగుతుంది. పోదామా, ఆపుదామా?" అన్నాడు. నాయిన పొమ్మన్నాడు. మూడొందల అరవై దగ్గర మళ్ళీ ఆపాడు, మళ్ళీ అదే ప్రశ్న. నాలుగొందల ఇరవై దగ్గర నాయిన ఇంక ఆపమన్నాడు. నీళ్ళు పడలేదు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. కానీ నాయిన ఆ బండివాణ్ణి ఒక్క మాట అనలేదు, ఇవాళ్టికీ అనడు. కొబ్బరికాయ ఆయన్ని మాత్రం ఇప్పటికీ తిడతాడు.

నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది ఇది. బండివాడు ప్రశ్నలడిగితే వాడికి పని రాదని నాయిన అనుకోలేదు. అడగకుండా గుడ్డిగా ఆరొందలు తోలి బిల్లు చేతిలో పెడితే అప్పుడు అనుకునేవాడు. ఎవరి డబ్బు పోతోందో నిర్ణయం వాళ్ళ చేత చేయించాలి, అదీ ఖర్చు పెరగబోయే ముందు, చేతిలో దుమ్ము పోసి మరీ. మేం ఏడు వారాలు చేసింది దానికి తలకిందులు. నాలుగో రోజునే ఒక నికృష్టమైన స్క్రీను చూపించి "ఇది తొమ్మిదింటికి చాలా, సెకన్లలోనే కావాలా? రెండోదైతే ఇన్ని వారాలు" అని ఉంటే కథ అక్కడే తేలిపోయేది.

ఇదేమీ కొత్త జ్ఞానం కాదు. కచ్చితంగా ఏం కట్టాలో తేల్చుకోవడమే సాఫ్ట్‌వేర్‌లో అన్నింటికంటే కష్టమైన పని అని ఫ్రెడ్ బ్రూక్స్ 1986లోనే "నో సిల్వర్ బుల్లెట్" వ్యాసంలో వాదించాడు. 2001లో పదిహేడు మంది యూటాలో కూర్చుని అజైల్ ప్రకటన రాసినప్పుడు కూడా గోల ఇదే. మనం మాత్రం ఆ అజైల్‌ని రోజూ పొద్దున పదిహేను నిమిషాల నిలువు మీటింగు కింద మార్చేసుకున్నాం. అందులో కూడా "నో బ్లాకర్స్" అనేసి కూర్చుంటాం.

అంకె గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మా జిల్లా వాడు చెప్పకపోతే ఎవరు చెప్తారు. "మంచినీళ్ళు కావాలి" అన్నది అస్పష్టమైన కోరికే. చూడ్డానికి తేటగా, తాగితే తియ్యగా ఉన్న నీళ్ళే మర్రిగూడ, మునుగోడు వైపు మనుషుల ఎముకలు వంచేశాయి. లీటరుకి ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడు దాకా మేలు, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర దాకా పర్వాలేదు అని మన ప్రమాణాల సంస్థ అంకె పెట్టాక, ఏ బోరు మంచిది ఏది చెడ్డది అన్నది పరీక్షకి లొంగే మాట అయింది. నాగపూరులోని నీరీ సంస్థ తయారుచేసిన ఫ్లోరైడు తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. ఆఫ్రికాలో కెన్యా, టాంజానియాల్లో కూడా ఆ పేరుతోనే తెలుసు. పటిక, సున్నం కలపడమే, కానీ పటిక ఎంత వెయ్యాలన్నది ఆ నీళ్ళలో ఫ్లోరైడు ఎంతుంది, క్షారత ఎంతుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. కొలవకుండా మొదలుపెట్టే వీలే లేదు. "యూజర్ ఫ్రెండ్లీ", "ఫాస్ట్", "స్కేలబుల్" అని మనకొచ్చే మాటలన్నీ తేట నీళ్ళే.

అడిగితే పైవాళ్ళు వింటారా అంటారా? అది కూడా మా జిల్లాలోనే జరిగింది. ఏళ్ళ తరబడి నీళ్ళిస్తాం అన్న మాటే తప్ప నీళ్ళు రాకపోతే, 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి జలసాధన సమితి తరఫున జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. చివరికి 480 మంది పోటీలో నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు కాగితంలా కాకుండా పుస్తకంలా అచ్చేయాల్సి వచ్చింది, పోలింగు వాయిదా పడింది. గెలిచింది సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం. కానీ ఫ్లోరైడు మాట మాత్రం దేశమంతా పాకింది. మరి వ్యవస్థ ఇచ్చిన మొదటి జవాబేంటో తెలుసా? అదే ఏడాది తమిళనాడు మొడకురిచి అసెంబ్లీ స్థానంలో వెయ్యి మందికి పైగా నిలబడ్డారు. ఇలాంటివన్నీ చూసి లోక్‌సభ డిపాజిట్టుని ఐదొందల నించి పదివేలకి పెంచేశారు. అంటే అడిగినదానికి జవాబు చెప్పేలోగా, అడగడాన్ని ఇరవై రెట్లు ఖరీదు చేశారు.

ఆఫీసుల్లో కూడా అచ్చంగా ఇదే. ప్రశ్న అడిగినవాడి మీదే "సరే, నువ్వే క్లయింటుతో మాట్లాడి డాక్యుమెంటు చేసి శుక్రవారంకల్లా పంపు" అని పడేస్తారు. ఇక రెండోసారి ఎవడడుగుతాడు? అందరూ చేతులు కట్టుకుంటారు. అడగని టీం కిందివాళ్ళ తప్పు అని పుస్తకాలు అంటాయి గానీ, నా అనుభవంలో సగం తప్పు డిపాజిట్టు పెంచినవాళ్ళది. మిగతా సగం, నాలాగా మధ్యలో నిలబడి కొత్తవాళ్ళ దగ్గర ఆ డిపాజిట్టు ముందే వసూలు చేసేవాళ్ళది.

అలాగని అడగడమే గొప్ప అనను. నలభై ప్రశ్నల ఎక్సెల్ షీటు పంపించి, జవాబు రాలేదని నెల రోజులు కుర్చీలో కాలు మీద కాలేసుకున్న ఘనుల్ని కూడా చూశాను. అది ప్రశ్న కాదు, గోడ. బండివాడు నలభై అడగలేదు, నాలుగడిగాడు, అడుగుతూనే తవ్వాడు.

ఇంకో పద్ధతి పాలమూరు మట్టి పని వాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. పాలమూరు కూలీలు లేని ప్రాజెక్టు, కాలువ ఈ దేశంలో తక్కువ. గుంత తవ్వేటప్పుడు వాళ్ళు మధ్యలో కొంత మట్టి తవ్వకుండా దిమ్మెలాగా వదిలేస్తారు. నేల మొదట ఎక్కడుందో, ఎంత లోతు తవ్వామో ఆ దిమ్మె చూపిస్తుంది. కొలతలకి వచ్చిన సారు "ఇంతే తవ్వారా" అంటే దిమ్మె చూపిస్తారు, గొడవ ఉండదు. కొలతలు అయ్యాకే దాన్ని పడగొడతారు. ఇప్పుడు ప్రతి కాల్ తర్వాత నేను అలాంటి దిమ్మె ఒకటి వదులుతున్నాను. ఆరేడు లైన్ల మెయిలు. "నాకు అర్థమైంది ఇది. రియల్ టైమ్ అంటే పొద్దున తొమ్మిది లోపు అనుకుంటున్నాను. కాదంటే గురువారం లోపు చెప్పండి, లేకపోతే శుక్రవారం ఇలాగే మొదలుపెడతాను." ప్రశ్నలాగా పంపితే జవాబు రాదు, ఎవరికీ తీరికుండదు. తప్పు లెక్క రాసి పంపితే మాత్రం దిద్దడానికి ఎక్కడున్నా పరిగెత్తుకొస్తారు, మనుషుల స్వభావం అది. ఆ మెయిల్లో ఆ ప్రశ్న మొదట అడిగినవాళ్ళ పేరు కూడా రాస్తున్నాను. ఇది కొత్త అలవాటు, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

ఇదంతా నాలుగు రిపోర్టుల గొడవేగా అనుకోకండి. 29 అక్టోబరు 2020న ధరణి పోర్టల్ మొదలైంది. కోరిక ఒక్క ముక్కలో చెప్పొచ్చు, భూమి రికార్డులు తప్పుల్లేకుండా ఉండాలి, పట్టా చకచకా మారాలి. మంచి కోరికే, అనుకున్నట్టు రికార్డు సరిగ్గా ఉన్నవాళ్ళకి పని చకచకా అయింది కూడా. మరి రికార్డులోనే తప్పుంటే? పేరు తప్పు పడితే, విస్తీర్ణం తగ్గితే, సొంత పట్టా భూమి నిషేధిత జాబితాలో కూర్చుంటే? దాన్ని కిందిస్థాయిలో దిద్దే దారి కొత్త చట్టంలో మూసేశారు, అనుభవదారు కాలమ్ తీసేశారు. దిద్దుకునే మాడ్యూళ్ళు తర్వాత ఒక్కొక్కటిగా అతికించుకుంటూ పోవాల్సి వచ్చింది. చివరికి చట్టమే మార్చి 14 ఏప్రిల్ 2025న భూభారతి తెచ్చారు. ముందు నాలుగు మండలాల్లో మొదలుపెట్టి చూశారు, అందులో ఒకటి మా పాత పాలమూరులోని మద్దూరు. నాలుగు మండలాలతో మొదలెట్టడం అంటే మూడొందల అడుగుల దగ్గర ఆగి చూడటమే, ఆ మటుకు మెచ్చుకోవాలి. "రికార్డు తప్పైతే ఏంటి సార్?" అన్న ఒక్క ప్రశ్నకి జవాబు పైన దొరకకపోతే, కింద కలెక్టరేటు మెట్ల మీద సంచిలో కాగితాలు పెట్టుకుని కూర్చున్నవాడు కడతాడు దాని బిల్లు. నాకు ఆ మెట్ల మీద మా నాయిన వయసు వాళ్ళే కనిపిస్తారు.

మళ్ళీ మా ఆఫీసుకి. పోయిన వారం కొత్త ప్రాజెక్టు కాల్. "ఈసారి ఏఐ ఉండాలి, క్లయింటు చాలా ఎక్సైటెడ్‌గా ఉన్నారు" అన్నారు మా పైవారు. అందరం తలలూపాం. కెమెరాల్లో తొమ్మిది తలలు. కొత్తగా చేరిన కుర్రాడొకడు, ఇంటర్ను, "సార్, ఏఐ ఏ పని కోసం సార్?" అన్నాడు. కాల్లో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. పక్క విండోలో ఎవరో వాడికి "తర్వాత మాట్లాడుదాం రా" అని చాట్ కొడుతూనే ఉండి ఉంటారు, రెండేళ్ళ కింద ఆ కొట్టేవాణ్ణి నేనే.

అన్‌మ్యూట్ చేశాను. "సార్, ఆ ప్రశ్న నాది కూడా" అన్నాను. గొంతు కొంచెం వణికింది, అబద్ధమెందుకు.

"గుడ్ క్వశ్చన్. క్లయింటుని కనుక్కుని చెప్తాను" అన్నారాయన.

ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఇంకా చెప్పలేదు. పొద్దున్నే దిమ్మె ఒకటి పంపాలి. వనపర్తి అమ్మాయికి కూడా ఒక మెయిలు రాసి పెట్టుకున్నాను, నెల నించి డ్రాఫ్టుల్లోనే ఉంది. ముందు అది పంపాలి.